బడిగదిలో పెద్దవల

తవిటమ్మ కూతురి కాలు విరిగింది సముద్రంలో కాదు, బడిలో. సంతబొమ్మాళి దాటి ఇసకలో పడి నడిస్తే వచ్చే ఆ మత్స్యకారుల పల్లెలో బడికి రెండే గదులు. ఒక గదిలో ఐదు తరగతుల పిల్లలు. రెండో గదిలో జోగారావు పెద్దవల, తాళ్ళు, లంగరు, పాత తెప్ప దుంగలు. ఒక వానరోజు పిల్లలు తడవకుండా ఆ గదిలోకి దూరారు. దుంగల దొంతర జారి అమ్ములు మోకాలి మీద పడింది. టెక్కలి ఆసుపత్రిలో కాలైతే నిలబెట్టారు గాని, అది మళ్ళీ వంగలేదు.

తవిటమ్మ గంప నెత్తిన పెట్టుకుని రావివలస, టెక్కలి వీధుల్లో చేపలు అమ్మే మనిషి. నోరు పెద్దది. ఆ నోరేసుకుని నేరుగా జోగారావు గుమ్మంలోకి వెళ్ళింది.

"ఆ గది సదువుకునే మా గుంటలది బావా. నీ వల తీసీ."

"వల నాదేగాని దాని మీద బతికేది ఎవులే? మీరు కాదేటి?" అన్నాడు జోగారావు నవ్వుతూనే. "గది లేకపోతే సెట్టు కిందైనా సదువుకుంటారు. వల లేకపోతే ఏటి తింటారు?"

అదీ నిజమే. ఊరంతా ఆ వల తాడు పట్టుకునే బతుకుతోంది. అందుకే పిల్లి మెడలో గంట కట్టేవాడు లేకపోయాడు. జోగారావు మంచివాడనే వాళ్ళకి ఊళ్ళో కొదవ లేదు. పెళ్ళికీ చావుకీ ముందుంటాడు, ఆకలంటే బియ్యం కొలిపిస్తాడు. కడుపు నిండిన పులి కూడా మంచిదే మరి.

బడిలో ఉన్నది ఒక్కరే మాస్టారు, గిద్యోను గారు. టెక్కలి బాప్టిస్టు సంఘం మనిషి, గొంతెత్తి పాఠం చెప్పడానికే భయపడే రకం. ఆయనే తవిటమ్మ చెవిన వేశాడు. ప్రభుత్వం బడికో విద్యా కమిటీ పెట్టమంది, పిల్లల తల్లిదండ్రులే చైర్మన్‌ని ఎన్నుకోవాలి, గది ఖాళీ చేయించే అధికారం ఆ కమిటీదే అని. "నేను చెప్పానని అనకమ్మా" అని కూడా అన్నాడు.

"నానే నిలబడతాను మేస్టారూ" అంది తవిటమ్మ.

జోగారావు చిన్నకొడుకు కూడా ఆ బడిలోనే ఉన్నాడు గనక ఆయనా నిలబడ్డాడు. తొంభై తొమ్మిదిలో మొదటి ఎన్నిక. ఆ రోజు జనమంతా బడి ముందు కూర్చున్నారు. మాస్టారు పేర్లు చదవబోతుండగా ఇసకదిబ్బ మీద నుంచి కేక వినిపించింది. దిబ్బ మీద ముసలి సన్యాసయ్య తువ్వాలు ఎగరేస్తున్నాడు. నీళ్ళు నల్లబడి చేపల గుంపు కనిపిస్తే ఆయన చేసే సైగ అది. తువ్వాలు లేస్తే ఆడా మగా పరుగెత్తాలి. పడవ గుంపును చుట్టి వల వదులుతుంది, రెండు కొసల తాళ్ళు ఒడ్డుకొస్తాయి, ఊరంతా లాగాలి. తాడు పట్టనివాడికి వాటా లేదు. క్షణంలో బడి ముందు మాస్టారు, తవిటమ్మ, జోగారావు, ఆయన చుట్టాలు తప్ప ఎవరూ మిగల్లేదు.

ఊరి తగవుల్లో జోగారావుకి ఒక పద్ధతి ఉంది. తన మాటకి ఎవరు అవునంటారని అడగడు, ఎవరు కాదంటారని అడుగుతాడు. ఆ రోజూ అదే అడిగాడు.

"నా పేరు కాదన్నోడు సెయ్యెత్తండి."

ఒక్క తవిటమ్మ చెయ్యి లేచింది. అంతే, ఎన్నిక అయిపోయింది. ఒడ్డున వలలోకి నాచూ నురుగూ వచ్చాయి. సన్యాసయ్య ఎవరి కళ్ళలోకీ చూడలేదు. తవిటమ్మ దిబ్బెక్కి, ముసలాడని కూడా చూడకుండా గంపతో మొహం మీద కొట్టింది. ఆ సాయంత్రమే జోగారావు మేనల్లుళ్ళు వచ్చి ఆమె మొగుడు రమణని వాకిట్లోకి ఈడ్చి తెడ్లతో కొట్టారు. రమణ భుజం ఎముక విరిగింది. అతను ఆమెను తిట్టలేదు. తిట్టినా బాగుండునని తవిటమ్మ ఏడ్చింది.

రెండేళ్ళకి మళ్ళీ ఎన్నిక. ఈసారి తవిటమ్మ మగవాళ్ళని అడగడం మానేసింది. చేపలు ఎండబెట్టే చోట, ఉప్పు రాసే చోట, టెక్కలి వెళ్ళే దారిలో ఆడవాళ్ళని పట్టుకుంది. అమ్ములుని పక్కన కూర్చోబెట్టుకుని, "వంగని కాలు సూడండి. రేపు మీ గుంటదైతే?" అని అడిగింది. అందరికంటే ముందు పక్కింటి మంగమ్మ ఉప్పు చేతిలో పెట్టుకుని ఒట్టేసింది. ఎవరు కేకేసినా ఓటు అయ్యేదాకా కదలమని మిగతావాళ్ళూ వేశారు.

ఓటు రోజు తువ్వాలు లేచింది. మగవాళ్ళు పరుగెత్తారు. ఆడవాళ్ళు కూర్చున్నారు. తవిటమ్మ గుండె నిండింది. కానీ కాసేపటికి ఒడ్డు నుంచి అరుపులు మొదలయ్యాయి. తాడు లాగే బలం చాలటం లేదు, రండి, రండి అని. కడుపు ముందా, ఒట్టు ముందా? మంగమ్మే మొదట లేచింది. ఆమె వెనక అందరూ లేచారు.

"మళ్ళా అదే మోసమే! ఎల్లకండే!"

ఎవరూ ఆగలేదు. తవిటమ్మకి ఒళ్ళు మండిపోయింది. గంపలోంచి చేపలు కోసే కత్తి తీసి అందరికంటే ముందు ఒడ్డుకి పరుగెత్తింది. అలలో నిలబడి, తాడు కదలకుండా ఎడమచేతికి మెలిక వేసుకుని, కత్తి పెట్టి కోసేసింది. లాగుతున్న మగవాళ్ళు వెల్లకిలా పడ్డారు. సముద్రం వైపు తాడు రివ్వున పోతూ ఆమె చివరి రెండు వేళ్ళనీ తీసుకుపోయింది.

అప్పుడు కనిపించాయి చేపలు. ఈసారి సన్యాసయ్య అబద్ధమాడలేదు. వల ఒక పక్క కుంగి, కానాగంత చేపలు నీళ్ళు తళతళలాడేటట్టు గుంపులు గుంపులుగా బయటికి పోయాయి. ఆ ఏడాది అసలే వేట లేదు. ఇళ్ళల్లో గంజి కాచుకుంటున్న రోజులు.

ఊరు ఆమె మీద పడింది. ఎవరి చేతికి ఏది దొరికితే దానితో కొట్టారు. ఒట్టేసిన ఆడవాళ్ళూ కొట్టారు. మంగమ్మ తెడ్డు పిడితో మూతి మీద పొడిస్తే ముందు పన్ను ఊడింది. రమణ జనాన్ని తోసుకుని వచ్చి, ముందు తనూ ఒక లెంపకాయ కొట్టి, తరవాత ఆమె మీద బోర్లా పడుకున్నాడు. మిగతా దెబ్బలన్నీ అతని వీపు మీద పడ్డాయి.

కులపెద్దల ముందు జోగారావు ఊరికి కట్టు చెప్పాడు. "ఈ రోజు నుంచి తాడు ఒగ్గినోడు, లాగతా లాగతా సెయ్యి తీసినోడు ఎవడైనా సరే, ఆడికి ఈ ఊళ్ళో నీల్లు లేవు, నిప్పు లేదు. నా రక్తమైనా ఇదే మాట." తవిటమ్మ ఇంటికి ఆ రోజు నుంచే నీళ్ళూ నిప్పూ ఆగిపోయాయి. చైర్మన్ ఎవరయ్యారో అడగక్కర్లేదు.

చేసింది తప్పేనని తవిటమ్మకి తెలుసు. ఊరి కూడు సముద్రంలో పారబోసింది. మూడు వేళ్ళ చేతితో గంప పట్టుకుని, పక్క ఊరి నూతి నీళ్ళు మోసుకుంటూ బతికింది. అమ్ములు మాత్రం కర్ర పట్టుకుని బడికి పోతూనే ఉంది.

తరవాతి ఏడాది వానల్లో ఆ గదిలోని వల మడతల్లో నాగుపాము చేరింది. బంతి కోసం చెయ్యి పెట్టిన మంగమ్మ పెద్దకొడుకుని కాటేసింది. టెక్కలి చేరేలోపే పిల్లవాడు పోయాడు. జోగారావు పాడె ముందు కొమ్ము పట్టాడు. వల మాత్రం తీయలేదు. దినాలు అయ్యాక మంగమ్మ ఊరి కట్టు దాటి తవిటమ్మ గుమ్మంలో వచ్చి కూర్చుంది. తవిటమ్మ నోట్లో పన్ను లేని చోటుని చూస్తూ వెక్కివెక్కి ఏడ్చింది.

మూడో ఎన్నికకీ తవిటమ్మ పేరిచ్చింది. ఆ రోజు తువ్వాలు లేచినప్పుడు జనం కదల్లేదు. అందరూ తవిటమ్మ వైపే చూశారు. జోగారావు కూడా చూశాడు.

"నా మొకం ఏటి సూత్తారు? పదండి!" అని ఆమే ముందు పరుగెత్తింది.

చేపలు నిజమే. వల బరువుకి రెండు కొసలా తాళ్ళు బిగుసుకున్నాయి. జోగారావు మేనల్లుళ్ళు ముందు వరసలో మోకాళ్ళు ఇసకలో దించి లాగుతున్నారు. తవిటమ్మ మూడు వేళ్ళతో తాడు పట్టుకుని, ఒడ్డున అయోమయంగా నిలబడ్డ గిద్యోను మాస్టారిని చూసింది.

"మేస్టారూ! ఊరంతా ఈడే ఉన్నాది. ఎన్నిక ఈడే పెట్టండి. బావ అడిగినట్టే అడగండి!"

మాస్టారు జోగారావు వైపు ఒకసారి, కర్ర మీద ఆనుకుని నిలబడ్డ అమ్ములు వైపు ఒకసారి చూశాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గొంతెత్తాడు.

"చైర్మన్‌గా తవిటమ్మ పేరు వచ్చింది. కాదన్నవాళ్ళు చేతులెత్తండి!"

ఓటున్నవాళ్ళలో ఒడ్డున ఉత్త చేతులతో ఉన్నది జోగారావు ఒక్కడే. ఆయన చెయ్యి లేచింది. "ఎత్తండ్రా! సెయ్యెత్తండి!" అని మేనల్లుళ్ళ మీద అరిచాడు.

పెద్దవాడు వెనక్కి తిరక్కుండానే అన్నాడు. "తాడు ఒగ్గమంతావేటి మావా?"

జోగారావు తెడ్డు అందుకుని తవిటమ్మ వీపు మీద కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. ఆమె కేక పెట్టింది గాని తాడు వదల్లేదు. రమణ తాడు పట్టుకునే ఏడ్చాడు. వల ఒడ్డెక్కేదాకా ఆ దెబ్బలు పడుతూనే ఉన్నాయి, ఊరంతా పళ్ళు కొరుక్కుంటూ లాగుతూనే ఉంది.

వల ఒడ్డెక్కింది. మొదట తాడు వదిలింది మంగమ్మ. ఆమె వెళ్ళి జోగారావు చేతిలో తెడ్డు లాక్కుంది. ఆ తరవాత ఆడవాళ్ళు ఆయన్ని కొట్టిన తీరు గురించి ఆ పల్లెలో ఈనాటికీ ఎవరూ బయటివాళ్ళకి చెప్పరు. తవిటమ్మ చూస్తూ నిలబడింది. వెంటనే ఆపలేదు. ఆయన మొహం నెత్తుటితో తడిసి, నోట్లోంచి మాట రానప్పుడు, "సాలు, ఒగ్గీండి" అంది.

వలని ఆ పూట ఎవరూ బడికి మోసుకురాలేదు. మర్నాడు తవిటమ్మ, మంగమ్మ కలిసి దుంగలూ లంగరూ బయటికి దొర్లించి, ఆ గదిని ఉప్పునీళ్ళతో కడిగారు. మంగమ్మ ఒక మూల దగ్గర చాలాసేపు కడుగుతూ ఉండిపోయింది. తరవాత గిద్యోను మాస్టారు మూడు, నాలుగు, ఐదు తరగతులని అందులోకి పిలిచాడు. చేపల వాసన ఇంకా పోలేదు. అమ్ములు గోడకి ఆనుకుని, వంగని కాలు నేల మీద బారచాపుకుని కూర్చుంది.