పిడికిట్లో నూట పాతిక కిలోలు

వీధి మలుపులో ఫొటోకాపీల దుకాణం నడిపే ఆవిణ్ణి అందరూ జిరాక్సక్క అనేవారు. నలభై నాలుగేళ్ల మనిషి. నడుంనొప్పికి వ్యాయామం చెయ్యమని డాక్టరు చెబితే, టైర్ల షాపు పైనున్న జిమ్ములో చేరింది. నొప్పి పోయింది గానీ జిమ్ము పోలేదు. రెండేళ్లలో డెడ్‌లిఫ్ట్ మీద మనసు పారేసుకుంది. నేలమీది బరువును రెండు చేతులా పట్టుకుని నిటారుగా నిలబడటమే ఆ ఆట.

మొదటి పోటీలో నూట ఇరవై కిలోలు మోకాళ్ల దాకా వచ్చి వేళ్లలోంచి జారిపోయాయి.

"నడుం ఒప్పుకుంటోందక్కా, వేళ్లే మొరాయిస్తున్నాయి" అన్నాడు కోచ్. మణికట్టును కడ్డీకి బిగించే పట్టీలు వాడితే పోటీలో ఒప్పుకోరు. కాబట్టి పట్టు పెంచుకోక తప్పదు.

ఇంట్లో పడగ్గది గుమ్మానికి అడ్డంగా ఇనుప కడ్డీ బిగించింది. దానికి వేలాడుతుంటే అత్తగారు గడియారం పట్టుకుని కూర్చునేది. ఆవిడ ముప్పై ఏళ్లు నర్సుగా చేసి రిటైరైన మనిషి.

"పదకొండు సెకన్లు" అందావిడ మొదటిరోజు. "రోగి నోట్లో థర్మామీటరు కూడా ఇంతకంటే ఎక్కువసేపు ఉండేదే."

"మీరు వేలాడి చూడండత్తయ్యా, తెలుస్తుంది."

"నేను లెక్కపెడతాను. నువ్వు వేలాడు."

జిమ్ములో బరువుల కడ్డీకి మందపాటి తువ్వాలు చుట్టి ఎత్తేది. కడ్డీకి తొడిగే నున్నటి ఇనుప బరువు పళ్లేలు రెంటిని కలిపి వేళ్ల కొసలతో నొక్కి పట్టుకునేది. చివరిసారి ఎత్తిన బరువును దించకుండా పది అంకెలు లెక్కపెట్టేది. వారానికి రెండుసార్లు చాలని కోచ్ మొత్తుకున్నా వినకుండా రోజూ చేసింది. నెల తిరగకుండానే మోచేయి వాచింది.

అత్తగారు గుమ్మం కడ్డీ ఊడదీసి బీరువాలో పెట్టి తాళం వేసింది. "మూడు వారాలు. తర్వాత అడుగు."

కోడలు అలిగింది, రెండ్రోజులు ముభావంగా తిరిగింది, కానీ ఆగింది. మళ్లీ మొదలుపెట్టాక కోచ్ చెప్పినట్టే చేసింది. అరచేతుల కాయలు చీలకుండా అత్తగారే ఆకురాయితో అరగదీసేది. ఏడో నెలలో గడియారం యాభై ఎనిమిది సెకన్లు చూపించింది. అత్తగారు రెండోసారి గడియారం చూసుకుంది.

రెండో పోటీలో నూట పాతిక కిలోలు పెట్టించుకుంది. చేతులకు సుద్దపొడి రుద్దుకుని, ఒక అరచెయ్యి లోపలికీ ఒకటి బయటికీ తిప్పి పట్టుకుంది. కడ్డీ మోకాళ్లు దాటింది. పైకి వచ్చి నిలబడింది. దించమని రెఫరీ చేసే సైగకోసం చూస్తుంటే కుడిచేతి చిటికెన వేలు విచ్చుకోబోయింది. పళ్లు బిగించి వేళ్లన్నీ ముడిచింది. సైగ అయ్యాక, తొందరపడకుండా, చప్పుడు రాకుండా దించింది.

నలభై దాటినవాళ్లలో రెండో స్థానం వచ్చింది. మొదటి స్థానం లారీ నడిపే ఆవిడది. ఆవిడే వచ్చి చెయ్యి కలిపి, "గట్టి పట్టు" అంది.

మర్నాడు అత్తగారు ఎవరూ పిలవకుండానే దుకాణంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. వచ్చినవాళ్లను ఎన్ని కాపీలు కావాలో అడగకముందే, కోడలు ఎత్తింది ఎన్ని కిలోలో చెప్పేసేది.