మా ఆయన మిగిల్చిన గోలీలు

“అత్తమ్మా, కాళ్లు పొంగినయ్. కడియాలు తోలుల దిగుతున్నయ్. అవుసలాయన్ని పిలిచి కోయిస్త.”

“కోయనియ్య. మా అవ్వ తొడిగిన కడియాలు.”

“రేపు పుండ్లయితే చాకిరీ ఎవలు చెయ్యాలె?”

“నిన్నెవలు చెయ్యమన్నరే? నీ పని నువ్వు సూస్కో.”

బోధన్‌లో మా కోడలికీ నాకూ ఆ రోజు ఇలా తెల్లారింది. ఆ రోజుల్లో నేనింకా నడుము వంగని మనిషిని. చదివింది రెండో తరగతే అయినా, ఇంట్లో ఏదీ వృథా కానివ్వని తెలివి నాకు దండిగా ఉందని నా నమ్మకం. మా ఆయనకూ నాకూ బీపీ. డాక్టరమ్మ ఇద్దరికీ ఒకే రకం గోలీ రాసింది, రక్తనాళాలను వదులు చేసేదట. నాది చిన్నది, ఆయనది రెట్టింపు బలమైనది. తర్వాత ఆయన గోలీ మారింది, పాతవి డబ్బా నిండా మిగిలాయి. పారేస్తామా (ఆయన పాత చొక్కాలను దిండు గలేబులు చేసిన చెయ్యి ఇది)? నావి పక్కన పెట్టి అవి మొదలుపెట్టాను. బలమైన గోలీకి బీపీ కూడా జంకుతుందనుకున్నాను. కొన్నాళ్లకు కాళ్లు పొంగాయి.

ఆ మధ్యాహ్నమే కోడలు నన్ను నిజామాబాద్ బస్సెక్కించింది. డాక్టరమ్మ కాలు నొక్కితే గుంట పడింది. వేసుకుంటున్న గోలీ ఏదని అడిగితే కొంగుముడి విప్పి చూపించాను.

“ఇది మీ ఆయనది కదమ్మా. ఆయన కాళ్లు గిట్లనే వాస్తే నేనే బంద్ చేయించిన.”

ఆ సంగతి ఆయన నాకు చెప్పలేదు. (చెప్పాడేమో, ఆయన మాటలన్నీ వినే తీరిక నాకెక్కడిది?)

“మీ చిన్న గోలీయే ఏసుకోండి. వాపు మెల్లగ తగ్గుతది. కడియాలు మాత్రం ఇయ్యాలనే తియ్యాలె.”

సాయంత్రం అవుసలాయన, అదే కంసాలి, వచ్చి రంపం పట్టాడు. నేను గోడవైపు చూస్తూ కూర్చున్నాను. పెళ్లినాటి నుంచీ దిగని కడియాలు చాపమీద పడ్డాయి. కోడలు వాటిని తన కొంగుతో తుడిచి నా పెట్టెలో పెట్టింది. అది చూసి ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున వంటింట్లోకి వెళ్లాను. అడుగడుక్కీ మోగే కడియాలు లేవు కాబట్టి నేను వస్తున్నట్టు ఎవరికీ తెలియలేదు. మా ఆయన అన్నంలో ఆవకాయ కలుపుకుంటున్నాడు. (బీపీకి ఉప్పు పడదని ఆయనకు ఆ జాడీ బంద్ చేసింది నేనే.) కోడలు ఇంకో ముక్క వేస్తూ, “జల్ది తినుండ్రి మామా, అత్తమ్మ లేస్తది” అంటోంది.

నన్ను చూసి ఇద్దరూ బిగుసుకుపోయారు. ఇన్నేళ్లూ ఇల్లంతా నా అదుపులోనే ఉందనుకున్నాను, పిచ్చిదాన్ని. పీట వాల్చుకుని నేనూ చెయ్యి చాపాను. కోడలు జాడీకి మూత పెట్టి, నా చేతిలో నా చిన్న గోలీ పెట్టింది.