తుపాకుల సారు గోళ్ళరంగు

గోళ్ళరంగు సీసా మూత తీయగానే ముక్కులోంచి సరాసరి నడినెత్తికి ఎక్కే ఘాటు వాసన ఒకటి వస్తుంది కదా, నిన్న మధ్యాహ్నం మా మందుల గదంతా అదే నిండిపోయింది. ఎల్‌బీ నగర్‌లో ఒక ఆసుపత్రిలో నేను ఫార్మసిస్టును. ఒకే సైజు సీసా, ఒకే రంగు మూత, ఒకే తీరు అక్షరాలు ఉండి, లోపల మాత్రం వేరు వేరు మందులున్న ఇంజెక్షన్లు మాకు కొన్ని వస్తుంటాయి. అటువంటి జతలో ప్రమాదకరమైన దాని మూత మీద ఎర్ర గోళ్ళరంగుతో చుక్క పెట్టాకే అలమార ఎక్కించడం మా గది ఆచారం. నిన్న ఆ పని కొత్తగా చేరిన శ్రావణికి అప్పగించాను. ఆ పిల్ల ముక్కు చిట్లించి, "మేడమ్, గిది మీకెవరు నేర్పిన్రు? మా కాలేజీల ఎవ్వరు చెప్పలే" అంది. "తుపాకుల సారు" అన్నాను. ఎగతాళి చేస్తున్నాననుకుని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ మనిషిని తలుచుకుంటే నాకు ముందు నవ్వే వస్తుంది, మిగతావన్నీ దాని వెనకాల నెమ్మదిగా వస్తాయి.

ఆయన పేరు యాదగిరి. పోలీసు శాఖలో తుపాకులు బాగుచేసే పని చేసి రిటైరయ్యారు. చైతన్యపురిలో మేము కిరాయికున్న ఇల్లు ఆయనదే. కింద ఆయన, ఆయన భార్య సత్తెమ్మ పెద్దమ్మ, పైన మేము. పొట్టి మనిషి, దళసరి కళ్ళద్దాలు, చెప్పబోయే జోకు సగంలో ఉండగానే తానే నవ్వేసే అలవాటు. వీధంతా ఆయన్ని తుపాకుల సారు అనేది. ఇంట్లో చేరిన కొత్తలో మాకు కొంచెం భయంగానే ఉండేది. తుపాకీ ఉన్న ఓనరు ఇంట్లో నీళ్ళ మోటారు అదనంగా పది నిమిషాలు వేసే ధైర్యం ఎవరికి ఉంటుంది? మా ఆయన ఒకరోజు గుండె దిటవు చేసుకుని, "ఇదంతా కాయితాల ప్రకారమేనా సార్?" అని అడిగారు. సారు లోపలికి వెళ్ళి మా పెళ్ళి ఆల్బమ్ కంటే లావుపాటి ఫైలు తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టారు. "సదువు బాబూ. ఛాయ్ పెట్టిస్త, పొద్దు గూకేదాక సదువు" అన్నారు. మా ఆయన నాలుగో లైసెన్సు దగ్గరే చేతులెత్తేశారు.

మా స్నేహం మాత్రం అడవిపందుల వల్ల కుదిరింది. చిట్యాల అవతల ఒక ఊళ్ళో మా మేనమామ లింగయ్యకు రెండెకరాల వేరుశనగ ఉండేది. అంతకుముందు ఏడు సగం పంట పందుల పాలైంది. ఆ యాసంగి పంట మీదా మళ్ళీ మొదలయ్యాయి. "కోడలా, నేను దున్నినదానికన్న పందులు సక్కగ దున్నుతున్నయ్" అని మామ ఫోనులో నవ్వబోయి ఆగిపోయాడు. "గీసారి గూడ పోతే ఇగ ఎవుసం బందు. మీ హైద్రబాదుకొచ్చి ఏదన్న అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గ నిలబడ్త." నేల మీద తప్ప కుర్చీలో కూర్చోవడమే తెలియని మనిషి అన్న మాట అది. పందులను కాల్చడానికి వాళ్ళ ఊరికి అనుమతి వచ్చిందట. కాల్చడానికి ఒప్పుకున్నవాళ్ళ జాబితాలో చైతన్యపురి యాదగిరి అనే పేరు ఉందట. "మీ ఓనరేనా? జర జల్ది రమ్మని చెప్పు బిడ్డా" అన్నాడు మామ.

సారు ఒప్పుకున్నారు గానీ ఒక షరతు పెట్టారు. ఆయన ఎడమ కంటికి పొర వచ్చింది. "తుపాకికి కుడి కన్ను సాలు. సన్న పనికి రెండు కండ్లు కావాలె. నువ్వు మందులు సూసే పిల్లవు గద, నాకొక కన్ను కిరాయికియ్యి" అని, రెండు ఇత్తడి గుల్లలు తెచ్చి భోజనాల బల్ల మీద నిలబెట్టారు. కాల్చేసిన తూటాల ఖాళీ గుల్లలు. "గీ రెండింట్ల తేడా చెప్పు." ఎంత చూసినా నాకు ఒకటే అనిపించింది, అదే చెప్పాను. నా జవాబు పూర్తికాకముందే ఆయనకు నవ్వొచ్చేసింది. "ఒక్క తల్లి బిడ్డలే. రెండు చిన్న గుండు గుల్లలే. గీ ఒకదాని మెడ జర ఎడల్పు చేసిన, లావు గుండు పట్టేటట్టు. గంతే" అన్నారు. వేలితో తడిమితే అప్పుడు తెలిసింది. పై అంచు దగ్గర, గుండు కూర్చునే చోట, ఒకటి కొంచెం వెడల్పు.

అలా ఎందుకు చేస్తారని అడిగితే నవ్వు తగ్గించి చెప్పారు. ఒకప్పుడు చిన్న గుండుతోనే కొట్టేవారట. అది దూరం పోతుంది, సూటిగా పోతుంది, కానీ పంది తోలు మందం. ఒకసారి దెబ్బ తిన్న పంది పొదల్లో పడి మాయమైంది. మూడు రోజులు వెతికారు. "దానికి పానం పోలే, నాకు నిద్ర పట్టలే. నొప్పి పెట్టి ఇడిసిపెట్టుడంత పాపం ఇంకోటి లేదు బిడ్డా." అప్పటి నుంచి మెడ వెడల్పు చేసిన తూటాలు. గుల్ల అదే, లోపలి తుపాకిమందు కొంచెమే, గుండు మాత్రం బరువు. మెల్లగా పోతుంది, దూరం కొడితే ముందే నేలకు దిగిపోతుంది. "అరవై గజాల లోపల కొడ్తే మాత్రం నిలబడ్డ కాడనే ఒరుగుతది. గంత దగ్గరికి పోనీకె ఓపిక కావాలె. నాకు ఓపిక మస్తున్నది, ఉద్యోగమే లేదు." ఒక్కటే చిక్కు. ఈ తూటా పొరపాటున చిన్న గుండు తుపాకీలోకి వెళ్ళిందా, చిన్నపిల్ల గొంతులో పెద్ద ముద్ద కుక్కినట్టే. గుండు ముందుకు పోదు, తుపాకీయే పట్టినవాడి ముఖం మీద పగులుతుంది. అందుకే మెడ వెడల్పు చేసిన ప్రతిదాని అడుగునా ఎర్ర చుక్క.

ఆ చుక్కకు రంగు కొనడానికి దిల్‌సుఖ్‌నగర్‌లో గాజుల దుకాణానికి నన్ను వెంట తీసుకెళ్ళారు. అరవై దాటిన మగమనిషి ఎర్ర గోళ్ళరంగులన్నీ తీయించి, ఒక్కొక్కటి ఒక్కో వేలి గోటికి రాసుకుని, ట్యూబ్‌లైటు కింద ఒకసారి, వాకిట్లో ఎండలో ఒకసారి పట్టి చూస్తుంటే దుకాణామె నోరు వెళ్ళబెట్టింది. "ఎవరికి అంకుల్? ఆంటీకా?" అంది. "తూటాలకమ్మా" అన్నారు సారు, మహా గంభీరంగా. ఆమె మిగతా సీసాలు గబగబా లోపల పెట్టేసింది. ఐదు గోళ్ళూ ఎర్రగా చేసుకుని ఇంటికి వచ్చిన ఆయన్ని చూసి సత్తెమ్మ పెద్దమ్మ నడుము మీద చేతులు పెట్టుకుంది. "పెండ్లయిన సంది నాకొక్క సీస కొనలే. తూటాలకైతే సింగారం కావాల్నా?" అంది. సారు ఆ వారమంతా ఆ గోళ్ళతోనే తిరిగారు, కిరోసిన్‌తో రుద్దితే రంగు పోతుందని ఎవరో చెబితే నమ్మి, రుద్ది, పోక.

పని జరిగింది నాదర్‌గుల్ అవతల ఒక రైఫిల్ క్లబ్బు వర్క్‌షాపులో. ఆదివారం ఒక్కరోజే తెరిచేవారు. మందు డబ్బా వైపు నన్ను చూడను కూడా చూడనివ్వలేదు. నా పని రెండే: భూతద్దం పెట్టి మెడ చుట్టూ పగులు ఉందేమో చూడటం, మెడ వెడల్పు చేసిన నిమిషమే గుల్ల అడుగున చుక్క పెట్టడం. పక్కనే ఇంకో పళ్ళెంలో మెడ మార్చని గుల్లలు ఉండేవి. "తర్వాత పెడ్తనంటే నడువదు. కన్నును నమ్మకు, మనం సూద్దామనుకున్నదే అది సూపెడ్తది" అని ప్రతి రెండు మూడింటికీ ఒకసారి గుర్తు చేసేవారు. నెత్తి మీద శిక్షణ విమానాలు చక్కర్లు కొడుతుండేవి. పనిలోంచి తల ఎత్తకుండానే, "కొత్తోడు. దిగనీకె భయపడి మల్లొక చుట్టు తిరుగుతడు సూడు" అనేవారు. విమానం నిజంగానే ఇంకో చుట్టు తిరిగేది.

ఒకటి మరీ కిందికి వచ్చింది. మా పాపకు చూపిద్దామని ఫోను పట్టుకుని బయటికి పరుగెత్తాను. వచ్చి మళ్ళీ పని అందుకున్నాను. సాయంత్రానికి ఇరవై తూటాలు పెట్టెలో బోర్లా నిలబడ్డాయి. తెల్లవారితే మామ ఊరికి ప్రయాణం. సారు పెట్టె మీద వంగి వేలితో లెక్కపెడుతూ ఒకచోట ఆగారు. పంతొమ్మిదింటికి చుక్క ఉంది, ఒకదానికి లేదు. "అయ్యో, అది మనదే సార్, మెడ తడిమితే తెలిసిపోతుంది. ఇప్పుడే పెట్టేస్తాను" అని సీసా అందుకున్నాను. ఆయన నా చేతిలోంచి సీసా మెల్లగా తీసుకుని మూత బిగించారు. "ఇమానం మంచిగుండెనా?" అని అడిగారు. బాగుందన్నాను. "నువ్వు బైటికి పోయినప్పుడు నీ చెయ్యి ఏ గుల్ల కాడ ఆగిందో యాదున్నదా?" లేదన్నాను. "యాద్ లేదు గదా. మరి ఒచ్చినంక ఏ పళ్ళెంలకెల్లి తీసి చుక్క పెట్టినవో గది గూడ యాదుండదు. గీ ఒక్కటి మనదే అని నువ్వు ఒట్టు పెడ్తవ్. తక్కిన పంతొమ్మిదింటికి ఎవరు పెట్టాలె?" కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. కూర్చుని ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టారు. ఒక్కటి కాదు, ఇరవై. నేను పక్కన నిలబడి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. మళ్ళీ వర్క్‌షాపు తెరిచేది వారానికి. ఈ వారంలో మామ చేను ఏమవుతుందో నాకు తెలుసు.

మామ ఫోనులో మండిపడ్డాడు. "వారమా? గోళ్ళరంగు చుక్క కోసం వారమా? వారమైతే పీకనీకె ఏం మిగులుతది, మట్టి పెళ్ళలా?" సారు నా చేతిలోంచి ఫోను తీసుకుని, "తప్పు నాదే లింగయ్యా, కండ్లు సక్కగ కనవడక ఆలిశమైంది" అన్నారు. నా తప్పును అంత సులువుగా తన నెత్తిన వేసుకున్న మనిషిని అంతకుముందు నేను చూడలేదు. మర్నాడు కిందికి దిగేసరికి ఇంట్లో లేరు. పొద్దున్నే ఎల్‌బీ నగర్‌లో బస్సెక్కి మామ ఊరికి పోయారట, తుపాకీ లేకుండా, రెండు జతల బట్టలతో. "పందుల కాపలాకు పోయిండు. తూటాలు లేకుంటే నోరున్నది గద" అంది సత్తెమ్మ పెద్దమ్మ. వారమంతా ఆయన మామతో గట్ల మీద తిరుగుతూ, మా అత్త ఇత్తడి బేసిను వాయిస్తూ, తనకు వచ్చిన పాటలన్నీ పాడారు. గురువారం మామ ఫోను చేసినప్పుడు గొంతు మారిపోయి ఉంది. "ఏం మనిషిని పంపినవ్ కోడలా! గా పాటకు పందులే కాదు, ఊర్లె కుక్కలు గూడ ఉరుకుతున్నయ్. బేసినైతే సొట్టలు పోయింది. గాని చేను నిలవడ్డది."

శనివారం తిరిగొచ్చారు. ఆదివారం నేను ఫోను ఆపేసి సత్తెమ్మ పెద్దమ్మకు ఇచ్చి వెళ్ళాను. ఎన్ని విమానాలు వెళ్ళాయో నాకు తెలియదు. ఇరవైకి ఇరవై చుక్కలు. సోమవారం సెలవు పెట్టి నేనూ ఊరికి వెళ్ళాను. పొద్దు వాలుతుండగా సారు చేను అంచున కూర్చున్నారు, మామా నేనూ ఆయన వెనక, అటవీ శాఖ మనిషి కొంచెం ఎడంగా. ముందు ఒక పంది వచ్చింది, వెనక నాలుగు పిల్లలు. సారు కదలలేదు. మామ నా మోచేయి గిచ్చాడు. అవి పోయాక చాలాసేపటికి ఒంటరిగా పెద్దది వచ్చింది. యాభై గజాలు ఉంటుందేమో. ఒక్కటే చప్పుడు. నిలబడ్డ చోటే ఒరిగింది, అడుగు కూడా వేయలేదు. సారు టోపీ తీశారు. తర్వాత ఖాళీ గుల్లను వెతికి జేబులో వేసుకుంటూ, "నొప్పి తెల్వలే దానికి" అన్నారు, నాతో కాదు, తనతోనే. ఆ గుంపు ఆ యాసంగిలో మళ్ళీ అటు రాలేదు. మామ ఇవాళ్టికీ వ్యవసాయమే చేస్తున్నాడు. ఏటా మాకొక పల్లికాయ సంచి, కింది ఇంటికొక సంచి వస్తూనే ఉన్నాయి.

సగం మిగిలిన సీసాను సారు నాకు ఇచ్చారు. "గోళ్ళకు కాదు. నీ మందులల్ల గూడ గిట్లాంటి కవల పిల్లలుంటయ్ గద" అన్నారు. మర్నాడే మొదలుపెట్టాను. మా ఫార్మసీ పెద్దసారు చూసి, ఇది ఆసుపత్రా, బ్యూటీ పార్లరా అని వెక్కిరించారు. కొన్ని నెలలకు పైఅంతస్తు నర్సు ఒకామె సీసా పట్టుకుని దిగివచ్చింది. ముఖం పాలిపోయి ఉంది. "సిరంజిలోకి ఎక్కించబోయానండీ. ఎర్రచుక్క కనిపించి చెయ్యి ఆగిపోయింది. ఇది నేనడిగిన మందు కాదు" అంది. ఆ సాయంత్రం పెద్దసారే దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళి అరడజను సీసాలు తెచ్చారు. ఈ సంగతి చెబితే తుపాకుల సారు నవ్వలేదు. ఆయన నవ్వకుండా నా తల మీద చెయ్యి పెట్టింది ఆ ఒక్కసారే.

పోయినేడు, నిద్రలోనే వెళ్ళిపోయారు. నెల తర్వాత చూడటానికి వెళితే సత్తెమ్మ పెద్దమ్మ బొటనవేలి గోటి మీద ఎర్రగా ఒక చుక్క ఉంది. "ఆయన డబ్బాల దొరికింది ఇంకో సీస. నాకని రాసి పెట్టిండు, ఇయ్యనీకె సిగ్గైనట్టుంది" అని చెయ్యి చాపి చూపించి, సిగ్గుపడుతూ నవ్వింది. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

నిన్న సాయంత్రం శ్రావణి ఆఖరి పళ్ళెం అలమార ఎక్కిస్తూ, "మేడమ్, ఒక్కదానికే చుక్క మిగిలింది, పెట్టేస్తున్న" అంది. ఆ పిల్ల చేతిలోంచి సీసా తీసుకుని మూత బిగించాను. "నడుమల ఫోనొచ్చిందా?" అని అడిగాను. తెల్లబోయింది. "మా అమ్మ చేసింది మేడమ్. రెండే నిమిషాలు." నాకు నాదర్‌గుల్ ఆకాశం, దిగడానికి భయపడి ఇంకో చుట్టు తిరిగే విమానం గుర్తొచ్చాయి. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను.

"అమ్మ మంచిగున్నదా?"

"మంచిగున్నది మేడమ్."

"సరే. అయితే అన్నీ దించు."