ప్రథమ ఫలంగా మొక్కుకున్న చేప

ఇంతవరకు నన్నూ నా ఇంటివారినీ కాచిన దేవునికి స్తోత్రం. జబ్బు ఇంటింటికీ తిరిగిన ఆ కాలంలో ఆయన మాకు ఊపిరినిచ్చాడు, ఇంట్లో కూర్చుని చేసుకునే ఉద్యోగమిచ్చాడు, నాలాంటి తొందరపాటు మనిషిని ఓపికగా భరించాడు. ఆయన నామానికే మహిమ.

అప్పట్లో మేము ఐర్లండ్‌లోని నేవన్‌లో ఉండేవాళ్లం. ఇంటినుంచి అయిదు కిలోమీటర్లు దాటకూడదన్న లాక్‌డౌన్ రోజులు. ఆఫీసు పడగ్గదిలో, ఆదివారం ఆరాధన జూమ్‌లో. రోజంతా నన్ను చూస్తూ ఉండటం నా భార్యకు కొత్త.

"పక్కింటి పెద్దాయనతో అలా ఏటికన్నా పోయి రండి. మీరు గంటకోసారి ఫ్రిజ్ తెరుస్తుంటే నాకు మీటింగుల్లో మనసు నిలవట్లేదు" అంది.

ఆ పెద్దాయన డెబ్బై దాటిన ఐరిష్ మనిషి. మా ఇళ్ల వెనక ఇరవై నిమిషాలు నడిస్తే ఒక ఏరు వస్తుంది. పర్మిట్ ఉంటే ఎవరైనా అందులో ట్రౌట్ చేపలు పట్టుకోవచ్చు. ఆయన తన పాత గాలపు కర్ర నాకిచ్చి, కొలిచినట్టు రెండు కర్రల దూరంలో నిలబడి నేర్పాడు. ఈ గాలానికి ఎర ఉండదు. ఈకలూ దారమూ చుట్టి చేసిన ఉత్తుత్తి ఈగ ఉంటుంది. దాన్ని నిజమైన ఈగలా నీటిమీద మెల్లగా వాలనివ్వాలి. నాది వాలేది కాదు, చెప్పు విసిరినట్టు పడేది. మొదటి మూడు వారాల్లో నా గాలానికి చిక్కినవి ఒక ముళ్లకంప, నా ప్యాంటు, ఒకసారి పెద్దాయన టోపీ. "గ్రాండ్, పర్లేదు, అది పాతదేలే" అన్నాడాయన.

ఆ ఏటికి ఒక కట్టడ ఉంది. ఏటా వసంతంలో అక్కడి చేపవేట క్లబ్బువాళ్లు తొట్లలో పెంచిన చేపల్ని తెచ్చి ఏటిలో వదులుతారు. వదిలేముందు వాటి వీపుమీద, తోకకు దగ్గరగా ఉండే చిన్న కండ రెక్కను కత్తిరిస్తారు. రెక్క లేని చేప పడితే ఇంటికి తెచ్చుకోవచ్చు. రెక్క ఉంటే అది ఏటిలోనే పుట్టిందన్నమాట, మళ్లీ నీళ్లలో వదిలేయాలి. ఇది ఆయన మొదటిరోజే చెప్పాడు. నేను తల ఊపాను. ఏ చేపా పడనివాడికి ఏది వదలాలో తెలిసి ఏం లాభమని అంతటితో మరిచిపోయాను.

మా సంఘంలో మొదటి జీతమైనా, పెరట్లో కాసిన మొదటి సొరకాయైనా ప్రథమ ఫలంగా దేవునికిచ్చి మా పాస్టరు అయ్యగారింటికి చేరుస్తాం. ఒక ఆదివారం సాక్ష్యాల్లో నా వంతు వచ్చింది. చెప్పడానికి వేరే ఏమీ లేక, నాకు పడబోయే మొదటి చేప దేవునిదని, దాన్ని నేనే అయ్యగారి గుమ్మంలో పెడతానని నలభై కుటుంబాల ముందు మొక్కుకున్నాను. అందరూ మ్యూట్ తీసి మరీ ఆమెన్ అన్నారు. ఆనాటినుంచి ప్రార్థన విన్నపాల్లో రోగుల తర్వాతి స్థానం నా చేపదే. మూడో వారం అయ్యగారి భార్య, "చింతపండు తెప్పించి ఉంచాను బాబూ, తొందరేం లేదు" అన్నారు.

ఆ శనివారం చేప పడింది. పెద్దాయన దూరం సంగతి మరిచి పరుగున వచ్చి, వలబుట్టను దానికింద పెట్టాడు. మోచేయంత చేప, ఒంటినిండా ఎర్రచుక్కలు. వీపుమీద, తోకకు దగ్గరగా, గోరంత రెక్క.

"వైల్డ్ చేప. ఇంత అందమైనది ఈ ఏడాది నాకే పడలేదు. ఇక వదిలెయ్" అన్నాడు.

"కుదరదండి. ఇది దేవుడికి మొక్కుకున్నది."

"దేవుడికి పర్మిట్ ఉందా?" అని అడిగి, ఆయన ఫ్లాస్కు తెచ్చుకోవడానికి గట్టుమీదికి వెళ్లాడు.

దారం తెంపే చిన్న కత్తెర నా జేబులో ఉంది. ఒక్క కత్తిరింపుతో ఏటి చేప పెంపుడు చేపైపోతుంది, నా మొక్కూ తీరుతుంది. కత్తెర తీశాను. తీసి, పెద్దాయన ఇటు చూస్తున్నాడా అని తల తిప్పాను. అప్పుడు సిగ్గేసింది. దేవునికిచ్చే కానుక మనుషులు చూడకుండా తయారవ్వాలా? వలను నీళ్లలోనే ఉంచి, ఒక చేత్తో అయ్యగారికి వీడియో కాల్ చేశాను.

"వందనాలు అయ్యగారూ. చేప పడింది."

"దేవునికి స్తోత్రం. ఏదీ, చూపించు. అబ్బో, మంచి సైజే."

"దీన్ని వదిలెయ్యాలంటండి. ఏటిలో పుట్టినవాటిని తీసుకెళ్లకూడదంట. మరి నా మొక్కు?"

వెనకనుంచి అమ్మగారి గొంతు వినపడింది. "ఏమంటున్నాడు? మసాలా నూరెయ్యనా?"

"నూరకు" అని ఆమెతో చెప్పి, అయ్యగారు నన్నడిగారు. "మొక్కుకున్నప్పుడు ఆ చేప నీదా?"

"కాదండి."

"ఇప్పుడు?"

"ఇప్పుడూ కాదండి."

"నీది కానిది దేవుడికెలా ఇస్తావయ్యా? వదిలెయ్. రేపు ఆరాధనలో నువ్వే చెప్పు. నన్ను చెప్పమనకు, నాకూ బాధగానే ఉంది."

చేపను ప్రవాహానికి ఎదురుగా పట్టుకున్నాను. కాసేపు నా అరచేతుల్లో ఊపిరి పీల్చుకుని, ఒక్క విదిలింపుతో వెళ్లిపోయింది. పెద్దాయన వచ్చి, నా పక్కన పడున్న కత్తెర చూసి, ఎందుకు తీశావన్నాడు. దాచకుండా చెప్పాను.

"పద్నాలుగేళ్లప్పుడు ఇలాంటిదాన్ని నేను చొక్కాలో దాచుకుపోయాను. మా అమ్మ వండింది, తినిపించింది, మర్నాడు చెవి పట్టుకుని, తప్పు ఒప్పుకొమ్మని చర్చి ఫాదర్ దగ్గరికి ఈడ్చుకెళ్లింది" అన్నాడు.

మర్నాడు జూమ్‌లో కత్తెర సంగతితో సహా చెప్పాను. ఒక తమ్ముడు మ్యూట్ తీసి, "మరి రెండోది ఎప్పుడు, అన్నా?" అన్నాడు.

ఇది చదువుతున్న మీరు కూడా ఒక్క నిమిషం నాతో తల వంచండి. తండ్రీ, నీకిస్తున్నామన్న పేరుతో మావి కానివాటిమీద చెయ్యి వేయకుండా మమ్మల్ని ఆపు. తెరిచిన కత్తెరను మళ్లీ మూసే బుద్ధి మాకు దయచెయ్యి. ఆమెన్.