అమ్మో బాబాయ్, ఇరవై సెకన్ల కరెంటు

ఆ భూగర్భ రైలు స్టేషన్‌లో కరెంటు పని చూసే పెద్దాయనకి భయపడటమే ఉద్యోగం, మిగతాదంతా కాలక్షేపం. మీటరు ముల్లు కదిలితే "అమ్మో!", కదలకపోతే "అమ్మో అమ్మో!". అందరూ ఆయన్ని అమ్మో బాబాయ్ అనేవారు. ఆయన కింద కొత్తగా చేరిన అమ్మాయికి నెల తిరగకముందే ఆ భయం జలుబులా అంటుకుంది.

వాళ్ల గదిలో బీరువా అంత పెట్టె ఒకటి ఉంది. రైలు బ్రేకు వేసినప్పుడు పుట్టే కరెంటును అది స్టేషన్ లిఫ్టుకీ ఫ్యాన్లకీ ప్రకటనల బోర్డులకీ మళ్లిస్తుంది. అది చాలకపోతే మిగతా కరెంటు బయటి నుంచి వస్తుంది.

"బ్రేకు వేస్తే సరే. వెయ్యకపోతే?" అనేవాడు బాబాయ్.

"వెయ్యకపోతే బండి ఎలా ఆగుతుంది బాబాయ్?"

"అమ్మో! ఆగదంటావా?"

ఒక మధ్యాహ్నం స్టేషన్‌కి బయటి కరెంటు పోయింది. బ్యాటరీ దీపాలు మాత్రం మిగిలాయి. లిఫ్టు సగం దారిలో నిలిచిపోయింది. అందులో చక్రాల కుర్చీలో ఒక టీచరమ్మ, ఒంటరిగా.

రైళ్లది వేరే లైను కాబట్టి అవి నడుస్తున్నాయి. వచ్చే బండి బ్రేకు వేస్తే ఇరవై సెకన్ల కరెంటు దొరుకుతుంది. లిఫ్టు పైకి చేరడానికి పదిహేను కావాలి.

"ఫ్యాన్లు ఆపెయ్! ప్రకటనల బోర్డులూ ఆపెయ్! పళ్లపొడి కనపడకపోతే ఎవరూ చావరు! వచ్చేదంతా లిఫ్టుకే పోవాలి!" అని అరిచాడు బాబాయ్.

లిఫ్టు ఫోను మోగింది. "ఏమైందండీ?" టీచరమ్మ కంగారుగా అడిగింది. ఫోను ఎత్తింది బాబాయ్.

"ఏం లేదమ్మా! పైన నేల తుడుస్తున్నారు, జారతారేమోనని నేనే ఆపాను. ఇవాళ పిల్లలకి ఏం చెప్పారు?" అన్నాడు తాపీగా. ఫోను అరచేత్తో మూసి "అమ్మో!" అన్నాడు. చెయ్యి తీసి "ఓహో, భాగహారాలా!" అన్నాడు. మళ్లీ మూసి "అమ్మో అమ్మో!" అన్నాడు.

సొరంగం అదిరింది. బండి బ్రేకు వేసింది, మీటరు ముల్లు లేచింది. అమ్మాయి లిఫ్టు మీట నొక్కి, కళ్లు గట్టిగా మూసుకుని లెక్కపెట్టింది. పన్నెండు... పదమూడు... పద్నాలుగు... ఫోనులో తలుపు తెరుచుకున్న చప్పుడు.

"నేల బాగానే ఆరిందండీ!" అంది టీచరమ్మ.

బాబాయ్ కుర్చీలో కూలబడ్డాడు. చొక్కా పిండితే బకెట్ నిండేలా ఉంది.

"నిజం చెప్పెయ్యొచ్చుగా బాబాయ్, ఇంత నాటకం ఎందుకు?"

"నాకైతే భయం అలవాటే అమ్మాయ్. పాపం, ఆవిడకెందుకు కొత్తగా?"