సింధుకు డబుల్ ప్రమోషన్

మొన్నటి నుంచి నేను కూరగాయలకు కూడా బయటికి పోవడం మానేశాను. జనగామ అంత పెద్ద ఊరేం కాదు కదా. ఎదురైన వాళ్లంతా "టీచర్, పానం మంచిగున్నదా?" అని అడగడం, పక్కకు తిరిగి నవ్వుకోవడం. ఒక్కొక్కరి నోట్లో నా కథ ఒక్కో తీరుగా తిరుగుతున్నదట. అందుకే అసలు సంగతి నేనే చెప్పేస్తాను. చాయ్ తాగుతూ వినండి. మధ్యలో మాత్రం నవ్వకండి, నాకు వరుస తప్పుతుంది.

ముందు సందర్భం చెప్పాలి. తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులివి. బడులకు తాళాలు పడ్డాయి, బస్సులు డిపో దాటడం లేదు. నా బిడ్డ సుజాత మహబూబాబాద్‌లో నర్సు. దవాఖానకు సమ్మె ఉండదు కదా. అల్లుడి ఉద్యోగం భూపాలపల్లి దగ్గర చెల్పూర్‌లో. ఆయన పొద్దంతా సమ్మె శిబిరంలోనే. మరి బడి లేని పిల్లను ఎవరు చూడాలి? రైలు దొరికిన రోజు చూసుకుని సుజాత వచ్చి, ఆరేళ్ల నా మనవరాలు సింధును నా దగ్గర దించి పోయింది. గడప దాటుతూ ఒకే ఒక్క మాట చెప్పింది.

"అమ్మా, ఏమన్న చెయ్యి గాని, దాన్ని ఖాళీ కడుపుతోని ఉంచకు."

సింధుకు అదొక ఇబ్బంది. కడుపు ఖాళీ అయితే ముందు చెమటలు పడతాయి. తర్వాత వాంతులు. ఆ తర్వాత కళ్లు తేలేస్తుంది. ఎండాకాలంలో ఒకసారి సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. ఇది గుర్తు పెట్టుకోండి, నేను మరిచిపోయాను కాబట్టి.

బడుల్లేక పిల్లలు రోడ్ల మీద తిరుగుతున్నారని మా కాలనీ హాల్లో పిల్లల క్లబ్బు ఒకటి పెట్టారు. నడిపేది రమేశ్. ఇప్పుడు కాలేజీలో లెక్చరర్ గాని, ఒకప్పుడు నా క్లాసులో బలపం కొరికినవాడే. క్లబ్బులో రెండు గ్రూపులు. ఎనిమిదేళ్ల లోపు వాళ్లది చిన్న గ్రూపు: రంగులు, పాటలు, బొమ్మలు. ఎనిమిది దాటితే పెద్ద గ్రూపు: క్యారంబోర్డు, నాటకాలు, ర్యాలీలో బ్యానర్ పట్టుకోవడం.

సింధు మొదటి రోజే మొహం ముడుచుకుని వచ్చింది. చిన్న గ్రూపులో అందరూ ముక్కు కారే పిల్లలేనట. ఒకడు ఆమె పచ్చరంగు చాక్‌పీసు తిన్నాడట. రెండో రోజు అన్నం ముందు కూర్చుని ఏడ్చింది. "నాకు మూడో తరగతి పుస్తకం సదువొస్తది గదా అమ్మమ్మ, నన్నెందుకు పెద్ద గ్రూపుల ఏస్తలేరు?"

న్యాయమైన ప్రశ్నే అనిపించింది. మా రోజుల్లో తెలివైన పిల్ల కనబడితే డబుల్ ప్రమోషన్ ఇచ్చేవాళ్లం. రెండో తరగతి నుంచి ఎత్తి నాలుగులో కూర్చోబెట్టేవాళ్లం. నేను కూర్చోబెట్టిన వాళ్లలో ఒక్కరూ చెడిపోలేదు. చీర మార్చుకుని హాలుకు పోయాను.

రమేశ్ లేచి నిలబడ్డాడు. వయసు కాదు బాబూ, గ్రహణశక్తి చూడాలి అని మొదలుపెట్టాను. పిల్లల ఎదుగుదల గురించి నాకు తెలిసినదంతా చెప్పాను. ఆయన రెండుసార్లు నోరు తెరిచాడు.

"అది గాదు టీచర్, పెద్ద గ్రూపోళ్లకు రేపు..."

"రేపు ఏముంటే అది చేస్తది. నువ్వు పేరు మార్చు."

పాత భయం ఎక్కడికి పోతుంది? మార్చేశాడు. సింధు నా చెయ్యి పట్టుకుని ఇంటిదాకా గంతులేసింది. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఎదుటివాళ్లు వాక్యం పూర్తి చేసేదాకా ఆగాలని ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు చెప్పినదాన్ని నేనే.

తెల్లారి పెద్ద గ్రూపు ఆడపిల్లలు వచ్చి వాకిట్లో నిలబడ్డారు. నేను ఉప్మా కలుపుతున్నాను. వద్దంది సింధు. అక్కవాళ్లు ఏమీ తినకుండా రమ్మన్నారట, అందరూ చౌరస్తాకే పోతున్నారట. నాకు వెంటనే అర్థమైపోయింది, అంటే తప్పుగా అర్థమైపోయింది. ఆ వారమంతా ఊళ్లో వంటావార్పు నడుస్తున్నది. తెలియని వాళ్లకు చెప్తాను: నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే కూర్చుని తినే నిరసన. కులసంఘాలు చేశాయి, లాయర్లు చేశారు, మా రిటైర్డ్ టీచర్లమూ చేశాం. పప్పుచారు నేనే పెట్టాను. ఇవాళ పిల్లల వంతు వచ్చిందనుకున్నాను. కడుపు ఖాళీగా పెట్టుకుని పో బిడ్డా, మంచిగ తినాలె అని నేనే సాగనంపాను. రాత్రికో సాయంత్రానికో సుజాత ఎవరిదో కారులో వస్తానన్నది కాబట్టి, మంచి వార్త చెప్పొచ్చని ఇల్లు సర్దుతూ కూర్చున్నాను. ఉప్మా చల్లారిపోయింది. నేనూ తినలేదు.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి పక్కింటి లక్ష్మి చౌరస్తా నుంచి వచ్చింది. టెంటు కింద సింధు దండేసుకుని మస్తుగా కూర్చున్నదని చెప్పింది. తినేవాళ్లకు దండలెందుకు అన్నాను.

"తినుడేంది టీచర్? ఇయ్యాల పిల్లల నిరాహార దీక్ష గదా."

రిలే దీక్ష అంటే రోజుకొక బృందం పొద్దున దండలేసుకుని కూర్చుంటుంది, సాయంత్రం నిమ్మరసం తాగి లేస్తుంది, మర్నాడు ఇంకొకరు. ఒకటి రోడ్డు మీద తినే నిరసన, ఇంకొకటి టెంటు కింద తినని నిరసన. నేను మొదటిదానికనుకుని రెండోదానికి పంపాను. రాత్రి ఎప్పుడో తిన్న అన్నం తప్ప ఆ పిల్ల కడుపులో ఏమీ లేదు.

మజ్జిగ సీసా, బిస్కెట్ పొట్లం సంచిలో వేసుకుని పరుగులాంటి నడక నడిచాను. లక్ష్మి నా వెనకే వచ్చింది. చౌరస్తాలో టెంటు, మీద "బాలల దీక్ష" అని బ్యానర్. వరుసగా పిల్లలు. చివరన సింధు. బంతిపూల దండ మోకాళ్లు దాటి కింద చాప మీద పడి ఉంది. పై పెదవి మీద చెమట. అది మొదటి గుర్తు అని నాకు తెలుసు.

పక్కన కూర్చుని మజ్జిగ తాగమన్నాను. పెదవులు బిగించింది. ఎత్తుకుని పోదామని చంకల కింద చేతులు పెడితే టెంటు గుంజను పట్టుకుంది.

"లేస్తే మల్ల చిన్న గ్రూపుల ఏస్తరు అమ్మమ్మ. నేను లేవ."

గొంతు సన్నగా వచ్చింది. మొహం తెల్లబడుతున్నది. ఇక నాకు పద్ధతులు గుర్తు రాలేదు. దండ సరిచేస్తున్నట్టు వంగి, కొంగు చాటు నుంచి బిస్కెట్ ముక్క ఆమె నోట్లోకి తోశాను. సింధు తుపుక్కున ఉమ్మింది. పక్కనే మైకు ఉన్నదని నేను చూసుకోలేదు.

"అన్నా, మా అమ్మమ్మ నాకు బిస్కెట్ పెడ్తున్నది."

చౌరస్తా మొత్తం వినబడింది. మైకులో పాట ఆగింది. ఎర్ర తువ్వాలు కట్టుకున్న ఒకాయన లేచి నా మీదికి వచ్చాడు. "ఏందమ్మా, దీక్ష చెడగొట్టనీకి వచ్చినవా? ఎవలు పంపిన్రు నిన్ను?" అన్నాడు. ఇంకో ఇద్దరు నా సంచి వైపు చూశారు. దీక్షలో కూర్చున్న పిల్లలకు దొంగచాటుగా తినిపించారని రేపు పేపర్లో వస్తే పరువేం కావాలని ఎవరో అన్నారు. అప్పటికి రమేశ్ పరుగెత్తుకుంటూ వచ్చి, ఈమె మా టీచర్ అని అడ్డం నిలబడ్డాడు. నేను ఆయనకు సెలైన్ సంగతి చెప్పాను. ఆయన ముఖంలో రంగు మారింది. నిన్న ఇదే చెప్పబోయాను టీచర్ అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ తగిలింది.

పిల్లను లేపాల్సిందే. అయితే టెంటు కింద కూర్చున్న జాగ ఖాళీ కాకూడదన్నది అక్కడి ఆనవాయితీ. ఒకరు లేస్తే వాళ్ల తరఫు వాళ్లు ఇంకొకరు కూర్చోవాలి. అందరూ నా వైపు చూశారు. మా తరఫున అక్కడున్నది నేనొక్కదాన్నే.

సింధు ముందు మోకాళ్ల మీద కూర్చుని, నీ జాగలో నేను కూర్చుంటాను, నీ పేరు పెద్ద గ్రూపులోనే ఉంటుంది అన్నాను. నన్ను నమ్మలేదు. రమేశ్ వైపు చూసింది.

"ఉంటదా అన్నా?"

"ఉంటది బిడ్డా. నేను తీసెయ్య."

అప్పుడు గుంజను వదిలింది. దండ తీసి నా మెడలో వేసింది. లక్ష్మి ఆమెను ఎత్తుకుని ఎదురుగా మందుల షాపు నీడలో కూర్చోబెట్టింది. గుక్కెడు మజ్జిగ, కాసేపాగి ఇంకో గుక్కెడు. నేను దండ పూలు నలుపుతూ చూస్తూ కూర్చున్నాను. వాంతి కాలేదు. మెల్లగా పెదవులకు రంగు వచ్చింది. బిస్కెట్లు తిన్నది. తర్వాత లక్ష్మి తెచ్చిన పెరుగన్నం తిన్నది, మామిడికాయ తొక్కుతో సహా. మామిడికాయ తొక్కు వాసన రోడ్డు దాటి వస్తుందని నాకు ఆ రోజే తెలిసింది.

అప్పటికి గాని గుర్తు రాలేదు, పొద్దున్నుంచి నేనూ ఒక చాయ్ మీదే ఉన్నానని. నా పక్కన కూర్చున్న పిల్ల జాలిపడి, మాట్లాడకు అవ్వా, మాట్లాడితే ఇంకా ఆకలైతది అని సలహా చెప్పింది. వినక తప్పింది కాదు. దారిన పోయే నా పాత విద్యార్థులు ఆగి, బ్యానర్ చదివి, నన్ను చూసి, మళ్లీ బ్యానర్ చదివారు. పేపరు ఫోటోగ్రాఫర్ మాత్రం ఒకటికి రెండు సార్లు తీసుకున్నాడు.

పొద్దు వాలాక నిమ్మరసం వచ్చింది. ట్రే పట్టుకున్నది లక్ష్మే. గ్లాసులు నా ముక్కు ముందు నుంచి పోతుంటే నా చెయ్యి దానంతట అదే లేచింది.

"టీచర్, జర ఆగున్రి. ముందుగాల పిల్లలకు."

"నేనూ బాలల దీక్షలోనే కూర్చున్న లక్ష్మీ" అని గ్లాసు లాక్కున్నాను.

తల ఎత్తేసరికి ఎదురుగా సుజాత. ఎప్పుడు కారు దిగిందో, ఎంతసేపటి నుంచి చూస్తున్నదో. కడుపు నిండిన సింధు ఆమె చంకలో ఉంది. సుజాత బ్యానర్ చూసింది, నా మెడలో దండ చూసింది.

"అమ్మా, పిల్లను నీకు అప్పజెప్పి పోయిన. ఇగ నిన్ను ఎవలికి అప్పజెప్పాలె?"

నేను గ్లాసు ఖాళీ చేసి, ఇంకోటి ఉందా అని లక్ష్మి ట్రే వైపు చూశాను.