కొక్కెం లేని గాలం

ఎదురింటి అంకుల్ పోయారని నాకు మీటింగులో ఉండగా తెలిసింది. చాంగీ బిజినెస్ పార్క్‌లో ఏడో అంతస్తు, కొత్త సాఫ్ట్‌వేర్ ఎప్పుడు మొదలుపెట్టాలన్న వాదన. ఫోనులో ఆంటీ, "తంబీ, అంకుల్ పొద్దున్న కాఫీ తాగి కుర్చీలో అలాగే..." అని ఆగిపోయింది. నేను లేచి బయటికి వచ్చేశాను. ఎక్స్‌పో నుంచి మా ఇళ్ళున్న జురాంగ్ వెస్ట్ దాకా రైల్లో కూర్చోలేక పెట్టె ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగాను. ఇది రాస్తూ కూడా మూడుసార్లు లేచాను.

కుదురు లేకపోవడం నాకు కొత్త కాదు. వైటూకే పనుల జోరులో ఈ ఊరు వచ్చినవాణ్ణి. ఎవరు ఏ కంపెనీకి మారారు, మనమెప్పుడు మారతాం అన్నదే అప్పట్లో మా అందరి ధ్యాస. అంకుల్ తీరు వేరు. వాళ్ళ తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చారట. ఈయన ఇక్కడే పుట్టి, ఓడల యార్డులో వెల్డింగు చేసి రిటైరయ్యారు. లిఫ్టు దగ్గర కనబడితే "ఏటి తంబీ, మకాన్ అయిందా?" అని తిండి సంగతి అడిగేవారు. అయిందన్నా నమ్మేవారు కాదు.

శనివారం పొద్దున్నే తలుపు తట్టి నన్ను జురాంగ్ చెరువుకు లాక్కెళ్ళేవారు. రెండు ప్లాస్టిక్ స్టూళ్ళు, ఫ్లాస్కు, రెండు గాలాలు. నా ఫోను మోగితే, "మీ ఆఫీసోళ్ళకి సెప్పు, సేపలు ఇంకా డ్యూటీకి రాలేదని" అని వెక్కిరించేవారు. చేప పడితే చెయ్యి తడుపుకుని పట్టుకుని, దాని పొట్ట నిమిరి చూసేవారు. గుడ్డుతో ఉంటే, "దీనికి పనుంది, పోనీ" అని వదిలేసేవారు.

మా స్నేహం మొదలైన ఏడాదే, చివరి నెలల వానలు మొదలైన ఒక శనివారం ఆయనకు మోకాలి నొప్పి. నేనొక్కణ్ణే వెళ్ళాను. ఒడ్డుకు దగ్గర్లో ఒకచోట నీళ్ళు ఎర్రగా కుతకుతలాడుతున్నాయి. చూస్తే అగ్గిపుల్లలంత చేపపిల్లలు, వందల్లో. తోమన్ పిల్లలవి. తోమన్ అంటే మన కొర్రమీను జాతిదే, ఇంకా పెద్దది. తల్లీ తండ్రీ ఆ గుంపు కిందే కాపలా ఉంటాయి. పిల్లల మధ్య ఏది పడినా మీదికి ఉరుకుతాయి. అంటే గాలం వేస్తే చాలు, కాచుకుని కూర్చోనక్కర్లేదు. నాలాంటివాడికి అంతకన్నా ఏం కావాలి? రెండో విసురుకే నా చేయంత చేప పడింది. గర్వంగా తెచ్చి ఆయన గుమ్మంలో నిలబడ్డాను.

ఆయన నవ్వలేదు. "ఎక్కడేసినావు? ఎర్ర పిల్లలున్న కాడా?"

ఔనన్నాను. కుంటుకుంటూనే చెప్పులు వేసుకున్నారు. "రా."

చెరువులో పిల్లల గుంపు చెదిరిపోయి ఉంది. మిగిలిన ఒక్క పెద్దచేప ఒకవైపు అడ్డుపడుతుంటే, రెండోవైపు నుంచి వేరే చేపలు వచ్చి పిల్లల్ని మింగుతున్నాయి. "కూసో. సూడు" అన్నారు. నేను లేవబోతే భుజం మీద చెయ్యి వేశారు. మధ్యాహ్నానికి ఆ ఎరుపు దాదాపు మాయమైంది. ఆయన లేచి, కుంటుకుంటూ ఇంటి దారి పట్టారు. నాలుగు తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

మరుసటి శనివారం నా తలుపు చప్పుడు కాలేదు. ఆ తర్వాతా కాలేదు. లిఫ్టు దగ్గర మకాన్ సంగతి అడిగేవారు గానీ చెరువు ఊసెత్తేవారు కాదు. ఈ ఊళ్ళో నాకంటూ ఉన్న ఒక్క మనిషినీ నా తొందరతో పోగొట్టుకున్నానని భయపడ్డాను. క్షమించమని అడగడానికి ఎన్నిసార్లో ఆ గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి వచ్చేశాను.

మళ్ళీ వానలొచ్చాక ఒక పొద్దున తలుపు చప్పుడైంది. "తంబీ, నా మోకాలు ఒక్క పూట కన్నా కూసోనిత్త లేదు. రెండో పూట నువ్వు కూసోవాల."

చెరువులో ఎర్ర పిల్లలు. ఆయన గాలపు దారానికి సీసం గుండు మాత్రమే ఉంది, కొక్కెం లేదు. దాన్ని పిల్లలకు తగలకుండా పక్కగా వేసి కూర్చున్నారు. ఒకరు కూర్చున్న చోట ఇంకొకరు గాలం వేయరు, ఇక్కడి మర్యాద అది. తిండి అంగళ్ళుండే హాకర్ సెంటర్లో టిష్యూ ప్యాకెట్టు పెట్టి కుర్చీని చోప్ చేస్తే, అంటే మనదని ఆపుకుంటే, ఎవరూ ముట్టుకోరు చూడండి, అలాగే. పిల్లలు పెద్దయ్యేదాకా ప్రతి ఏడూ ఆయన చేసే పని ఇదట. నిరుడు ఆ ఒక్క పూటే మోకాలు రానివ్వలేదు. నేను తప్పైపోయిందని మొదలుపెట్టాను.

"నాకెందుకు, సేపకి సెప్పు" అన్నారు. "నోటితో కాదు. కూసో."

అప్పటి నుంచి ప్రతి వానాకాలం శని, ఆదివారాలు చెరో పూట కూర్చున్నాం. నన్ను మళ్ళీ పిలిచినందుకు ఆయనకు ఎప్పుడూ థాంక్స్ చెప్పలేదు. ఇప్పుడు అదే గుచ్చుతోంది.

మొన్న శనివారం ఆంటీనడిగి రెండు స్టూళ్ళూ తీసుకుని వెళ్ళాను. వాన తెరిపిచ్చింది. ఎర్ర పిల్లలు వచ్చి ఉన్నాయి. కాసేపటికి ఒకతను కొత్త గాలంతో వచ్చి, ఖాళీ స్టూలు వైపు చూపించి, "బ్రదర్, హియర్ గాట్ పీపుల్ ఆ?" అని, ఎవరైనా ఉన్నారేమో అడిగాడు.

"గాట్" అన్నాను. జేబులోంచి టిష్యూ ప్యాకెట్టు తీసి ఆ స్టూలు మీద పెట్టాను. అతను తలూపి అవతలి ఒడ్డుకు వెళ్ళిపోయాడు. ఫోను మోగి మోగి ఆగింది. నీళ్ళలో ఆ ఎర్రటి గుంపు మెల్లగా జరుగుతూ వచ్చి, ఆయన స్టూలుకు ఎదురుగా ఆగింది.